ఎండాకాలం మేకల కోసం కోయిలకుంట్ల దాకా

నేను కడప రైలు స్టేషన్లో పార్సిళ్లు తూచే గుమాస్తాను. పదహారేళ్లుగా ఇదే పని. మామిడి బుట్టయినా, ఇత్తడి బిందెల మూటయినా, చూడగానే ఇన్ని వీశెలని చెప్పేస్తాను. త్రాసు మీద పెడితే ఇంచుమించు అంతే తూగుతుంది. ఈ విద్య తలకెక్కి మా అక్క మేకలు రెండింటిని చంపాను. ఆ తప్పు దిద్దుకోవడానికే మొన్న వేసవిలో కోయిలకుంట్ల దాకా పోయి వచ్చాను. మేకలో, గొర్రెలో ఉండి, ఎండాకాలం గట్టెక్కించే దారి తెలియక నాలాగే తికమకపడేవారు ఎవరైనా ఆ వైపు పోదలిస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా అక్క ఓబులమ్మది ఒంటిమిట్టకు రెండు మైళ్ల దూరంలో కొండ కింది పల్లె. బావ పోయాక ఆమెకు మిగిలిన ఆధారం పదిహేడు మేకలు. పాలూ పిల్లలూ అమ్ముకుని ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. ఈ ఏడు కొండ మీద గడ్డి మార్చి నెలకే ఎండి గలగలలాడింది. మేకలు తిరిగి తిరిగి ఖాళీ కడుపుతో వస్తున్నాయని అక్క కబురు చేస్తే, నేను ఒక మూట జొన్నలు రైల్లో వేసుకుని పోయాను. ఉదయాన్నే మందకు ముందు కుప్పగా పోసి, కావలసినంత తిననిచ్చాను. కొంచెం పెడితే మంచిదైతే, ఎక్కువ పెడితే ఇంకా మంచిది కదా అని నా లెక్క. సాయంత్రానికి రెండు మేకలు కడుపుబ్బి పడిపోయాయి. మిగిలినవి ఆ మర్నాటి నుంచి కొండకు పోకుండా, జొన్నలు మళ్లీ వస్తాయని వాకిట్లోనే నిలబడి అరవడం మొదలుపెట్టాయి. అక్క ఏడవలేదు. "సుబ్బయ్యా, ఇంగ నా మేకల మీద చెయ్యి పెట్టాకు" అంది, అంతే. సోమవారం సంతలో మొత్తం మందను కసాయి బేరగానికి ఇచ్చేస్తానని కూడా చెప్పింది. మేకలు పోతే అక్క కూలికి పోవాలి, పిల్లలు బడి మానాలి. నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

గురువారం నాడు ఒకాయన ఒక మేకపోతును రైల్లో పంపడానికి మా ఆఫీసుకు తెచ్చాడు. ఆ మండుటెండల్లో దాని ఒళ్లు నిగనిగలాడుతోంది. నా కళ్లను నేనే నమ్మలేక, దీనికి ఇంత కండ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. "ఇది మా పిన్నమ్మ సుంకులమ్మ మందలోదప్పా. కోయిలకుంట్ల నుంచి బనగానపల్లెకు పోయే దోవలో మా పల్లె. ఆయమ్మ మేకలు ఎండాకాలం గూడ ఇట్లనే ఉంటాయి" అన్నాడు. ఆ పల్లెకు దారి రాయించుకుని, రెండు రోజులు సెలవు పెట్టాను.

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు కడపలో బస్సెక్కాను. ప్రొద్దుటూరుకు రూపాయి పావలా, ఎనిమిదింటికి దిగాను. అక్కడ జమ్మలమడుగు మీదుగా కోయిలకుంట్లకు పోయే బస్సు తొమ్మిదికి దొరికింది. దీనికి ఇంకో రూపాయిన్నర. డ్రైవరు పక్కన చోటిచ్చారు గానీ, ఇంజను వేడికి కాళ్లు కాలిపోయాయనే చెప్పాలి. ముందు సీటు ఇస్తామంటే మురిసిపోకండి. సంచిలోంచి తొంగి చూస్తున్న నా స్ప్రింగు త్రాసు డ్రైవరు కంటబడింది.

"ఏమప్పా, త్రాసు పట్టుకోని పోతాండావు, ఏం కొనేకి?"

"కొనడానికి కాదు. మేకలకు ఎండాకాలం ఎంత మేత పెట్టాలో కనుక్కుందామని."

"మేకకు మేత పెట్టేది యాడన్నా ఉండాదా? కంప తిని బతికే జీవం గదప్పా అది! రేపు కోతికి గూడ ఇస్తరాకేసి వడ్డిస్తావేమో!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి, త్రాసును సంచి అడుక్కు తోశాను.

జమ్మలమడుగు దాటి కొంతదూరం పోయాక నేల నల్లబడింది. పంటలు కోసేసిన రేగడి చేలల్లో పిడికిలి పట్టేంత బీటలు. కోయిలకుంట్లలో దిగేసరికి పన్నెండున్నర. బస్సులు ఆగే చోట రేకుల నీడన ఒకామె జొన్నరొట్టెలు అమ్ముతోంది. రెండు రొట్టెలు, వేరుశనగ గింజలు దంచి చేసిన బుడ్డల కారం, చెంబెడు మజ్జిగ కలిపి మూడణాలు. ఆకలి మీద మొదటి రొట్టెను ఒట్టిగా తుంచుకుని నోట్లో పెట్టుకున్నాను, గొంతు దిగలేదు. బుడ్డల కారం అద్దుకున్నాక రెండు రొట్టెలూ ఎటు పోయాయో తెలియలేదు. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

రెండింటికి బనగానపల్లె బస్సు. పైన మామిడికాయల కోసం పోతున్న ఖాళీ బుట్టల దొంతరలు, లోపల మనుషుల దొంతరలు. నాలుగణాల టిక్కెట్టు తీసుకుని, చెప్పిన గుర్తు దగ్గర దిగి, మైలున్నర నడిచి నాలుగింటికి సుంకులమ్మ వాకిట్లో నిలబడ్డాను. యాభై దాటిన మనిషి. మొద్దు కర్రతో ఎండిన తుమ్మకాయలు చితక్కొడుతోంది. భర్త మద్దిలేటి మందను తోలుకుని బీడుకు పోయాడట. నేను ఎందుకొచ్చానో చెబితే, ఇంకో కర్ర నా చేతికిచ్చింది.

"కొడ్తా మాట్లాడప్పా. కాయ కాయగా ఏస్తే గింజ అరగకుండా ఎనక్కి పోతాది. గింజ నలిగితేనే ఒంటికి పట్టేది."

గట్ల మీద రాలే తుమ్మకాయలు ఎవరివని అడిగాను. రేగడి చేలల్లో కోతలయ్యాక రైతులు కొన్నాళ్లు రాత్రిపూట మందను తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. ఎరువు చేనుకు, కూలి గింజలు మందవాళ్లకు. మా వైపూ ఉన్నదే. సుంకులమ్మ మాత్రం ఆ కూలిలో సగమే గింజలు తీసుకుంటుంది. మిగతా సగానికి ఆ రైతు గట్ల మీది తుమ్మకాయలు, కళ్లంలో మిగిలే కందిపొట్టు అడుగుతుంది. రైతుకు అవి పారేసేవే కాబట్టి ఎవరూ కాదనలేదట.

"మేకకు ఎన్ని పలాలు?" అని త్రాసు బయటికి తీశాను. సుంకులమ్మ కర్ర పక్కన పెట్టి మరీ నవ్వింది. "అది లోపల పెట్టుకో సామీ. మేకలు చూస్తే బెదుర్తాయి."

ఆరింటికి మంద వచ్చింది. ముందు తొట్టి దగ్గర నీళ్లు తాగనిచ్చారు. తర్వాత కంప దడిలో ఒక్క మేక మాత్రమే పట్టేంత సందు తెరిచి, ఆ సందు పక్కన సుంకులమ్మ కూర్చుంది. ఒక్కో మేక లోపలికి దూరుతుంటే దాని వెన్ను మీద బొటనవేలు పెట్టి, నడుం దాకా ఒక్క దువ్వు దువ్వుతుంది. వేలికి ఎముక గట్టిగా తగిలితే చితక్కొట్టిన తుమ్మకాయలు రెండు పిడికిళ్లు, తగలకపోతే ఒకటి. చూలు మేకల మెడకు ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. వాటికి కందిపొట్టు కలిపి ఇంకో పిడికెడు. దేని వాటా దానిది, కుమ్ములాట లేదు. ముప్ఫై మేకలకూ అరగంట కూడా పట్టలేదు.

"ఇంత తక్కువ పెడితే వాటికి ఆకలి తీరుతుందా?" అన్నాను.

"ఆకలి తీర్చేకి కాదప్పా పెట్టేది. బీట్లో ఉండే ఎండుగడ్డి, ఆకు, అదీ వాటి కూడు. ఒట్టి రొట్టె నీకు గొంతు దిగుతాదా? బుడ్డల కారం ఉంటే రొండు తింటావు. అట్లని కారంతోనే కడుపు నింపుకుంటావా? ఇది తిన్న మేక రేపు బీట్లో ఆ ఎండుగడ్డే ఇంకొంచెం ఎక్కువ తింటాది. అందుకే మాపున, తిరిగొచ్చినాక పెట్టాల. పొద్దున పెడితే అది బీడుకు యాల పోతాది?"

మధ్యాహ్నం నా గొంతులో ఇరుక్కున్న రొట్టె గుర్తొచ్చింది. జొన్నల సంగతి, చచ్చిన రెండు మేకల సంగతి అప్పుడు చెప్పాను. ఆమె తిట్టలేదు. అలవాటు లేని పొట్టలో గింజలు ఒక్కసారే కుప్పపోస్తే ఏ మేకైనా పోతుందని, ఏది పెట్టినా మొదటి నాలుగు రోజులు చిటికెడుతో మొదలుపెట్టి పెంచాలని చెప్పింది. తర్వాత అడిగింది: "మీ యక్క మేకల ఎన్ను ఎట్లుండాది?"

నాకు తెలియదు. జొన్నల మూట ఎన్ని వీశెలో తెలుసు. మేకను ఒక్కసారైనా తాకి చూడలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. సుంకులమ్మ నా చెయ్యి పట్టి ఒక మేక వెన్ను మీద పెట్టించింది, తర్వాత ఇంకోదాని మీద. పదో మేకకు గానీ నా వేలికి తేడా తెలియలేదు.

"అన్నీ బతకాలనుకుంటే అన్నీ పోతాయి. పోతుల్ని, ముసలివాటిని ముందే అమ్మేయమను. చూలువి మటుకు ఇడవొద్దను" అంది. శనివారం పొద్దున్నే ఒక గోతం తుమ్మకాయలు కట్టిచ్చి, రూపాయి ఇవ్వబోతే వెనక్కి తోసింది. "దుడ్లొద్దులే. వానలు పడినాక ఏమైందో ఒక కార్డు ముక్క రాయి సాలు."

ఏడింటి బస్సు అందుకుని మధ్యాహ్నం మూడింటికి కడప చేరాను. గోతం మణుగున్నర తూగింది, అది మాత్రం తూచకుండా ఉండలేకపోయాను. ఆదివారం ఉదయం పాసింజరులో ఒంటిమిట్టలో దిగి, గోతం నెత్తిన పెట్టుకుని అక్క ఇంటికి పోయాను. వాకిట్లో పలుపుతాళ్లు పేని ఉన్నాయి, మర్నాటి సంతకు.

నేను చెప్పిందంతా అక్క వింది. "నువ్వు చెప్తే ఒకసారి వింటిని. రెండు పాయె" అంది.

"చెబుతున్నది నేను కాదక్కా. ముప్ఫై మేకలున్న సుంకులమ్మ చెప్పింది. నేను చేత్తో తడిమి చూసొచ్చాను."

 అక్క లేచి తనే మందలోకి పోయి ఒక్కోదాని వెన్ను మీద బొటనవేలు పెట్టింది. "ఇది నిలబడతాది. ఇది శానా చిక్కిపోయినాది. ఇది నిలబడతాది." సోమవారం సంతకు ఆరే పోయాయి, నాలుగు పోతులు, రెండు ముసలివి. తొమ్మిది ఉండిపోయాయి. కింది తోట రైతు దగ్గర మంద కూలిలో సగానికి తుమ్మకాయలూ పొట్టూ అడిగితే, ఆయన వెర్రిదాన్ని చూసినట్టు చూసి, తీసుకుపొమ్మన్నాడట.

పోదలచినవారికి ఒక్క మాట. కోయిలకుంట్లలో రెండింటి బస్సు తప్పనివ్వకండి. అది తప్పితే మందలు ఇల్లు చేరే వేళకు మీరు అందుకోలేరు, చూడవలసినదంతా ఆ అరగంటలోనే ఉంది. ఒక ఖాళీ గోతం మాత్రం వెంట ఉంచుకోండి.

తొలకరి పడిన మూడో రోజు అక్క ఇంటికి పోయాను. చూలు మేకలు ఐదింటిలో ఒకటి నెలలు నిండకుండానే ఈచుకుపోయిందని ముందే తెలుసు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధే. మిగిలిన నాలుగూ ఈనాయి, చుక్క అనే మేకకు కవల పిల్లలు. నేను దడి ఇవతలే నిలబడ్డాను. లోపలికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఎండలన్నాళ్లూ ఎప్పుడు వచ్చినా అక్కడే నిలబడి మాట్లాడి పోతున్నాను. అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయి, నా చెయ్యి చుక్క వీపు మీద పెట్టింది. "ఎముక యాడుండాదో చూపీ" అంది. నడుం దాకా తడిమాను, నా వేలికి దొరకలేదు. చెయ్యి తియ్యబోతే అక్క తియ్యనివ్వలేదు. ఆ సాయంత్రమే సుంకులమ్మకు కార్డు రాశాను.