ఖాళీ చేతులతో మదీనాకు

ఇన్నేళ్లూ ఈ సంగతి రాయకపోవడానికి కారణం మరపు కాదు, నాకు అక్షరాలు రాకపోవడమే. మా మీర్‌పేట్ కమ్యూనిటీ హాల్లో రిటైరైన ఒక టీచరమ్మ సాయంత్రాలు నాలాంటి వాళ్లను కూర్చోబెట్టుకుని అఆలు దిద్దించబట్టి, అరవై దాటాక నా చేతికి రాత వచ్చింది. వచ్చింది సరే, ముందు ఏం రాయాలా అని చూస్తూ ఉండగా, మొన్న సాయంత్రం పక్కింటి కోడలు ఫోను పట్టుకుని మా గడప దగ్గర కూర్చుంది. ఇంట్లోనే నైటీలు, కుర్తీలు పెట్టి అమ్మాలని ఆ పిల్ల ఆశ. ఫోనులో ఎవరో హోల్‌సేల్ రేటంటూ రంగురంగుల బొమ్మలు పంపుతున్నారు, ఒక్కటి కొన్నా అదే రేటుకు ఇస్తారట.

"మస్తు మంచోళ్లు అత్తమ్మా. అడగంగనే తగ్గించిన్రు," అంది.

ఆ మాట వినగానే నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో తాగిన చాయ్‌లన్నీ గుర్తుకొచ్చాయి.

మేం నల్గొండ దిక్కు నుంచి వచ్చి కొత్తపేటలో ఒక గది, దాని ముందు చిన్న వరండా కిరాయికి తీసుకున్న రోజులవి. మా ఆయన లారీ నడిపేవాడు. నడుముకు దెబ్బ తగిలి స్టీరింగు పట్టలేకపోయేసరికి, ఉన్న కాస్త డబ్బుతో వరండాలో లంగాలు, జాకెట్టు గుడ్డలు పెట్టుకుని కూర్చున్నాను. దసరా దాకా చూద్దామనీ, అప్పటికీ కిరాయి వెళ్లకపోతే పిల్లల బడి మాన్పించి ఊరికి పోదామనీ ఆయన మెల్లగా చెప్పాడు. కోపంగా చెప్పి ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని. మెల్లగా చెప్పడంతో భయం వేసింది.

సరుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణం నుంచి తెచ్చేదాన్ని. బోర్డు మీద హోల్‌సేల్ అని రాసి ఉందని ఎవరో చదివి చెప్పారు. పోగానే ఆ దుకాణదారు కుర్చీ వేసేవాడు, చాయ్ తెప్పించేవాడు, చెల్లె అని పిలిచేవాడు, బాగా బతిమాలించుకుని చివరికి తగ్గించేవాడు. అంత బేరమాడి తగ్గించుకున్నాను కనుక అదే హోల్‌సేల్ ధర అనుకుని మురిసిపోయేదాన్ని. అంతకుముందు ఒకసారి పాతబస్తీలో టోకు బట్టల దుకాణాలుండే మదీనాకూ పోయి చూశాను. అక్కడి సేటు తల కూడా ఎత్తకుండా ఎన్ని డజన్లని అడిగాడు, నాలుగు లంగాలు చాలంటే కట్ట విప్పేది లేదన్నాడు. ఈ మనిషికి మర్యాద తెలియదని అలిగి వచ్చేశాను.

మర్యాద చూసి తెచ్చిన సరుకు మా వరండా దాటలేదు. వాడకట్టు ఆడవాళ్లు తిప్పి తిప్పి చూసి, ఈ ధరకైతే తామే దిల్‌సుఖ్‌నగర్ పోయి తెచ్చుకుంటామని మడత పెట్టకుండానే వెళ్లిపోయేవారు.

అప్పట్లో మా కొత్తపేటలోనే ఉన్న పండ్ల మార్కెట్ గేటు దగ్గర ఒక పెద్దమ్మ బండి మీద అవే లంగాలు అమ్మేది. నాకంటే తక్కువకు అమ్ముతూ, పైగా తాపీగా ఆకు నములుతూ కూర్చునేది. నాసిరకం అయి ఉంటుందని ఒకరోజు పట్టి చూస్తే, గుడ్డ అదే, కుట్టు నా వాటికన్నా గట్టిది. పోటీకి వచ్చినదాన్ని, తరిమేస్తుందేమోనని బెదురుతూనే, సరుకు ఎక్కడ తెస్తావని అడిగాను. నా కథంతా విని నోట్లో ఆకు పొలమారేలా నవ్వింది.

"వాడు తాగిపిచ్చిన చాయ్ పైసలు ఎవ్వలియి బిడ్డా? నీయే. రేపు పొద్దుగాల రా. పైసలు ఇంట్ల పెట్టి రా."

బస్సు టికెట్ ఆమే తీసింది. అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ దాటి, మదీనా గల్లీల్లో నన్ను దుకాణం వెంబడి దుకాణం నిలబెట్టి ఊరికే వినమంది. అదే లంగా డజనుకు ఒక ధర, కట్టకు ఒక ధర, పది కట్టలకు ఇంకో ధర పలకడం అక్కడే విన్నాను. ఒక్కటైనా హోల్‌సేల్‌కే ఇస్తామని పిలిచిన చోట, ఒక్కటి అమ్మేవాడిది టోకు ధర ఎట్లా అవుతుందంటూ నా చెయ్యి పట్టి బయటికి లాగింది. చివరికి ఏ దుకాణంలోకి తీసుకుపోయిందనుకున్నారు? నేను అలిగి వచ్చిన సేటు దగ్గరికే. నేను తన బిడ్డనని, నాకు కొత్తపేటలో దుకాణముందని చెప్పింది. ఆయన ఒక్క మాటలో ధర చెప్పాడు. అది దిల్‌సుఖ్‌నగర్ ధరకంటే ఎంతో తక్కువైనా, అలవాటు పోక ఇంకా తగ్గించమన్నాను. పెద్దమ్మ నా మోచేతి మీద గిల్లింది.

"ఈడ నోటితోని తగ్గదే. కట్టలతోని తగ్గుతది."

వచ్చేటప్పుడు బస్సులో ఇంకో సంగతి చెప్పింది. సేటు చెప్పింది అసలు ధర కాదట. బస్సు కిరాయి, మూట మోసిన కూలి అన్నీ కలిపి సరుకు మన గడప చేరేసరికి ఎంత పడిందో అదే ధర, లాభం దాని మీద చూసుకోవాలట. మరి డబ్బులెందుకు వద్దన్నావంటే, "ఉంటే కొంటవు. కొనుడుల పడితే చూడవు," అంది.

కట్ట మొత్తం కొనే స్తోమత నాకు లేదని ఆమెకు తెలుసు. మరుసటి వారం తన కట్టలో సగం నాకు అసలు ధరకే పంచింది, ఆ తర్వాత కూడా చాలాకాలం అలాగే పంచుకున్నాం. నీ గిరాకీ పోదా పెద్దమ్మా అంటే, కొత్తపేటలో లంగా కట్టే ఆడవాళ్లకు కరువొచ్చిందా అని ఎదురడిగింది. దసరా వచ్చింది, పోయింది. మేం ఊరికి పోలేదు. పిల్లల చదువులు ఆ వరండా మీదే గడిచాయి.

పండ్ల మార్కెట్ అక్కడి నుంచి తరలిపోకముందే పెద్దమ్మ బండి మానేసి అబ్దుల్లాపూర్‌మెట్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. అందరం పెద్దమ్మ అనే పిలిచాం, అసలు పేరు నేనెన్నడూ అడగలేదు. ఇప్పుడు రాయడం వచ్చింది, రాద్దామంటే ఆ పేరు లేదు. ఈ రోజుల్లో ధరలు ఫోనులోకి వాటంతటవే వస్తున్నాయి, మంచిదే. కానీ బొమ్మలో గుడ్డ చేతికి తగలదు, తొందరపడితే గిల్లేందుకు పక్కన మనిషి ఉండదు.

ఆ పిల్ల ఫోను చూపించిన మర్నాడు పొద్దున్నే పక్కింటి తలుపు కొట్టాను. పర్సూ ఫోనూ రెండూ ఇంట్లో పెట్టి రమ్మన్నాను. ఎల్బీనగర్‌లో మెట్రో టికెట్లు నేనే తీశాను.