మినుము చేలో మోటార్‌సైకిల్ చప్పుడు

బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కడో వెనక ఆగిన బండి ఇంజన్ సన్నగా డుర్రుమంటే, నాకు హనీఫ్ మాస్టారు గుర్తొస్తారు. విజయవాడలో జువాలజీ చెప్పి రిటైరై, మా ఊళ్ళో మా పక్కింట్లో అద్దెకుండేవారు.

ఆ శీతాకాలం కాలవ గట్ల మీద నీళ్ళ మోటార్లు దొంగలపాలవుతున్నాయి. తెల్లారుజామున నా మినుము చేలోంచి బండి చప్పుడు వినపడేది. పరిగెత్తుకెళితే బండి ఉండదు, తల మీద తువ్వాలేసుకుని గట్టున కూర్చున్న మాస్టారు ఉండేవారు.

"ఇక్కడేం పనండీ మీకు?"

"ఆ బండి ఎవరిదో చూద్దామని. మీ చేలో కాపురమున్నావిడదే ప్రసాద్ గారూ. కూర్చోండి, చూపిస్తా."

వెటకారమనుకున్నాను. మోటార్ల దొంగల తరఫున కాపలా కూర్చుంటున్నాడని టీకొట్టు దగ్గర అనేశాను. మర్నాడు కుర్రాళ్ళు ఆయన సంచి లాక్కుని వెతికారు. బైనాక్యులర్స్, మరమరాల పొట్లం దొరికాయి. అయినా మళ్ళీ పొలాల్లోకి రావద్దన్నారు.

ఆ సాయంత్రం ఆయనే మా గుమ్మంలోకి వచ్చారు. "నన్ను తర్వాత తిడుదురుగానీ, రేపు మందు కొట్టిస్తున్నారటగా? గట్టు వార పిట్ట గూడుంది. వారం ఆగండి." పొలంలోకి రావడానికి ఇదో ఎత్తని అనుమానిస్తూనే, పొద్దున్నే వెంట తీసుకెళ్ళాను.

బురదలో చిన్న అడుగులు చూపించారు. "కంజు పిట్ట అనుకునేరు. కంజుకి వెనక వేలుంటుంది. దీనికి ముందున్న మూడే."

అంతలో నల్లటి గొంతున్న పిట్టొకటి ఒళ్ళు ఉబ్బించింది. డుర్‌ర్‌ర్... అదే బండి!

"పుంజు కూస్తోంది," అన్నాను.

"పెట్టండీ బాబూ! గుడ్లు మొగుడికి అప్పజెప్పి, ఇంకో మొగుణ్ణి పిలుస్తోంది."

గడ్డి పరకల కింద, వెలిసిన రంగు పుంజు గుడ్ల మీద కదలకుండా కూర్చుని ఉంది.

"నేనిక రాలేను. పిల్లలు పుట్టగానే దాని వెంట నడిచి వెళ్ళిపోతాయి. మీరు చూడండి," అన్నారు మాస్టారు.

మందు ఆపాను. టీకొట్టు దగ్గర అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నలుగురిలో చులకనవుతానని భయం. వారం తిరిగాక గట్టు వైపు తొంగైనా చూడకుండా మందు కొట్టించాను. తర్వాత దొంగలు దొరికారు, ఎవరో పైఊరివాళ్ళు. అప్పటికే మాస్టారు విజయవాడ వన్ టౌన్‌లో కూతురింటికి మారిపోయారు.

క్షమాపణ అడగాలని వెళ్ళాను. కుర్చీ జరిపి, నన్ను నోరు తెరవనివ్వకుండానే ఆత్రంగా అడిగారు: "పిల్లలు వెళ్ళాయా?"

"వెళ్ళాయి మాస్టారూ. తండ్రి వెనకాలే, వరసగా."

ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్ని పిల్లలని అడిగారు. దానికీ ఏదో చెప్పాను. ఇప్పుడాయన లేరు. ఎవరినైనా అనుమానించబోయే ముందు, ఆ మొహంలోకి చూస్తూ నేను చెప్పింది గుర్తొస్తుంది.