ట్రాలీకి మొలిచిన కొమ్ములు

మైపాడు దగ్గర ఆ కాలవ రేవులో పడవ ఒడ్డెక్కాలంటే ట్రాక్టరు కావాలి, ట్రాలీ కావాలి, నెట్టడానికి పది భుజాలు కావాలి, వీటన్నిటికన్నా ముందు హెబ్రోను నోరు కావాలి. ఈ చివరి సంగతి హెబ్రోను చెప్పిందే. ఊరు కాదనలేదు. కాదంటే ఆ నోరు తమ మీదికి తిరుగుతుందని ఊరికి తెలుసు.

మధుబాబు ట్రాక్టరును వెనక్కి నడిపి ట్రాలీని నీళ్లలోకి దించుతాడు. మునిగిన ట్రాలీ ఎక్కడుందో పైకి కనపడదు. పడవేమో నీళ్లు ఎటు లాగితే అటు పోతుంది. అప్పుడు హెబ్రోను పడవకు ఎదురుగా నడుంలోతు నీళ్లలో నిలబడి, "కుడికి, ఎడమకి, రవ్వంత ఆపు" అని అరుస్తాడు. ఇరవై ఏళ్లుగా అతని పని అరవడమే, పడవ మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. పడవ సరిగ్గా ఎక్కితే అతని గొప్ప, గీసుకుంటే నెట్టినవాళ్ల తప్పు. ఎక్కిన ప్రతి పడవ నుంచీ ఒక మంచి చేప అతని బుట్టలో పడేది. చేపకన్నా కూడా, ఆదివారం చర్చి మెట్ల మీద "హెబ్రోను లేకపోతే ఎట్టా" అని ఎవరైనా అంటే అదే అతనికి ఎక్కువ రుచి. పెద్దరికం కొద్దీ తన పడవను మాత్రం అందరికన్నా చివర ఎక్కించేవాడు.

అలాంటి రేవుకి వెల్డింగు షాపు షాహుల్ రెండు ఇనప పైపులు పట్టుకొచ్చాడు. ట్రాలీ వెనక అంచున అటొకటి ఇటొకటి నిలువుగా బోల్టులతో బిగించి, పడవ గీసుకోకుండా వాటికి ప్లాస్టిక్ గొట్టాలు తొడిగాడు. ట్రాలీ మునిగినా అవి రెండూ నీళ్లపైన నిక్కి చూస్తుంటాయి. వాటి మధ్యలోంచి తోస్తే పడవ నేరుగా వచ్చి ట్రాలీ మీద కూర్చుంటుంది. ఊరు వాటికి కొమ్ములని పేరు పెట్టింది.

"పడవకి దారి చూపించాల్సింది మనిషా, గొట్టమా?" అన్నాడు హెబ్రోను. "ఉప్పునీళ్లకి ఆర్నెల్లలో తుప్పు పట్టిపోతాయి చూడు."

"నువ్వూ ఉప్పునీళ్లలోనే ఉండావు గదా మామా, నీకు పట్టలా" అన్నాడు షాహుల్.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, మనుషులను విడిచి ఇనుమును నమ్ముకునేవాళ్ల కళ్లు తెరిపించమని హెబ్రోను గట్టిగా ప్రార్థించాడు. అలవాటు కొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. ట్రాలీ యజమాని మధుబాబూ అన్నాడు.

వారం తిరక్కుండానే తుఫాను హెచ్చరిక వచ్చింది. రేవులో పద్నాలుగు పడవలున్నాయి. వెనకటి లెక్కన పొద్దుగూకేదాకా పట్టే పని. ఆ రోజు ఎవరి పడవను వాళ్లే గడతో కొమ్ముల మధ్యకి తోసుకున్నారు. పదకొండు గంటలకల్లా పదమూడు పడవలు ఒడ్డున ఉన్నాయి. భుజం పట్టేందుకు వచ్చినవాళ్లు పని లేక, రేకులు కట్టుకోవాలని ఇళ్లకి పోయారు. హెబ్రోను మాత్రం పదమూడు పడవలకీ అరిచాడు. ఒక్క తలా అతని వైపు తిరగలేదు. ఒళ్లంతా తడిసి, బుట్ట ఖాళీగా నిలబడ్డ ఆ మనిషికి ఏడుపొక్కటే తక్కువ.

మిగిలింది అతని పడవే.

"నా పడవకి కొమ్ములొద్దు. ఊడదియ్యి" అన్నాడు. "షాహులూ, నువ్వు గడ పట్టు. నేను చెప్పినట్టు చెయ్యి, చాలు."

పెద్దాయన మాట తీసెయ్యలేక షాహుల్ బోల్టులు విప్పి, పడవెక్కి గడ అందుకున్నాడు.

"కుడికి" అన్నాడు హెబ్రోను. షాహుల్ తన కుడికి తోశాడు.

"కుడికిరా, ఇంకా కుడికి!"

ఇంకా తోశాడు. ఎదురుగా నిలబడ్డవాడి కుడి తనకు ఎడమవుతుందని షాహుల్‌కు తెలియదు. ఇరవై ఏళ్లుగా నెట్టినవాళ్లకు తెలుసు. అందుకే వాళ్లు ఏనాడూ ఆ అరుపులను చెవిన పెట్టలేదు, భుజానికి తగిలే బరువును బట్టి పడవను సర్దుకున్నారు. పడవ ట్రాలీ అంచు మీద అడ్డంగా ఎక్కి, ఇనుముకు రాసుకుని, కీచుమని జారింది. నీలిరంగు మీద బారెడు తెల్లగీత పడింది.

హెబ్రోను ఆ గీతను చూశాడు, నెట్టేవాళ్లు లేని ఒడ్డును చూశాడు. అతనికి అంతా అర్థమైంది.

"బిగించు నాయనా" అన్నాడు మెల్లగా. కొమ్ములు మళ్లీ ఎక్కాయి. రెండు నిమిషాల్లో పడవా ఎక్కింది. ఈసారి అతను నోరు విప్పలేదు.

మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చిన భార్య మగ్దలీనమ్మ ఆ గీతను వేలితో తడిమి చూసింది.

"ఇన్నేళ్లలో ఎవురి పడవకీ ఇంత గీత పడలా. ఈ పొద్దు ఏమైంది?"

హెబ్రోను క్యారియరు మూత తీస్తూ తల దించుకున్నాడు.

"ఈ పొద్దు నా మాట విన్నారే" అన్నాడు.