ఘటసర్పం కోసం ప్రార్థన

గిద్దలూరు నుంచి మార్కాపురం వెళ్లే బస్సులో, జిప్పున్న బైబిలు ఒళ్లో పెట్టుకుని ఒక అవ్వ మా పక్కన కూర్చుంది. మా పాప నా ఫోన్‌లో బొమ్మల సినిమా చూస్తోంది. అవ్వ తొంగి చూసింది.

“ఏందమ్మా ఆ రెక్కల జంతువు?”

“డ్రాగన్,” అంది పాప. అవ్వకు అర్థం కాలేదనుకుని నేను, “అదే అవ్వా, బైబిల్లో ఘటసర్పం ఉంటుందే, అది,” అన్నాను.

అనకుండా ఉండాల్సింది. అవ్వ ముఖం మారిపోయింది. “పసిబిడ్డకు సాతానును చూపిస్తుండావా? ఆపు తల్లీ!”

పాప ఆపనంది. బస్సంతా మావైపే చూస్తుంటే నేను ఫోన్ సౌండు తగ్గించాను.

సినిమాలో ఊరంతా బల్లేలతో ఆ డ్రాగన్‌ను తరుముతోంది. అది ఎవరినీ ఏమీ చేయలేదు. రెక్క విరిగి, గుహలో ఒక మూల నక్కి వణుకుతోంది. అవ్వ ముఖం తిప్పుకుంది, మళ్లీ చూసింది. బల్లెం పైకి లేచింది.

“ప్రభువా, దాన్ని కాపాడు!” అనేసి అవ్వ చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

“ఘటసర్పం కోసం ప్రార్థన చేసినానే. పాపం గాదా అమ్మా?”

వేళాకోళం కాదు, నిజంగానే భయపడుతోంది. అంతలో ఆమె ఊరు వచ్చింది. దిగి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి కిటికీ తట్టింది.

“ఇంతకీ అది బతికిందా?”

బస్సు కదిలింది. “బతికిందవ్వా!” అని అరిచాను. అప్పటికి మేమూ చివరిదాకా చూడలేదు.

ఇప్పటికీ పాప ఆ సినిమా పెడితే, బల్లెం లేవగానే, అవ్వకు చెప్పింది అబద్ధమవుతుందేమోనని నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.