తొంభై రెండు కిలోల సైకిలు

తోడల్లుడు కొత్త సైకిలు తోసుకుంటూ షాపు ముందుకి వచ్చేసరికి అతుకుల మేస్త్రి ఒక గేటుకి కింది కమ్మీ అతుకుతున్నాడు. మంట ఆపాడు గానీ మొహం మీద ముసుగు తీయలేదు. ఆ నల్లద్దంలోంచి ఎండలో కూడా మసక ఆకారం తప్ప ఏమీ కనబడదు. ఆ మసకలోనే పోల్చుకున్నాడు. గొట్టాలు సన్నగా ఉన్నాయి. ఈ రోజుల్లో గుట్టలెక్కే సైకిళ్ళకి ఉండే లావాటి గొట్టాలు కావు. అంత సన్నగా ఉన్నాయంటే అవి స్టీలువే.

"అన్నయ్యా, ముందు నీకే చూపిద్దామని నేరుగా ఇటే తెచ్చాను. స్టీలు. ముందొక షాకబ్జరు, వెనకొకటి," అన్నాడు తోడల్లుడు.

మేస్త్రి భార్య చెల్లెలి భర్త ఇతను. బజారులో కళ్ళద్దాల షాపు, తొంభై రెండు కిలోల బరువు, కల్లాకపటం లేని మనిషి. అదే వచ్చిన చిక్కు. కాస్త చెడ్డవాడై ఉంటే మేస్త్రి కుళ్ళుకోవడానికి ఒక సాకైనా దొరికేది. రెండేళ్ళ కిందట డాక్టరు షుగరుందని చెబితే, ఇతన్ని ఆదివారాలు క్వారీ గుట్ట మీదకి వెంటబెట్టుకుని తిప్పింది మేస్త్రే. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ముందు మేస్త్రి, వెనక ఆయాసపడుతూ కళ్ళద్దాలాయన. ఎక్కేటప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే. మేస్త్రికి ఈ లోకంలో ముందుండే చోటు అదొక్కటే.

ముసుగు తీసి, చేతులు తుడుచుకుని, "ఊఁ," అన్నాడు.

ఆ "ఊఁ" వెనక పన్నెండేళ్ళ కథ ఉంది. అంతకు ముందు పద్నాలుగేళ్ళు అతను సైకిళ్ళ ఫ్యాక్టరీలో ఫ్రేములు అతికాడు. అతుకుల మేస్త్రి అన్న పేరు అక్కడ వచ్చిందే. గొట్టానికీ గొట్టానికీ మధ్య వెంట్రుక దూరని అతుకు వేసేవాడు. ఒకనాడు మేనేజరు అందర్నీ నిలబెట్టి, స్టీలు రోజులు అయిపోయాయని, ఇక అంతా అల్యూమినియమేనని, ఆ ఫ్రేములు కూడా ఎక్కడో బయట అతికించి తెస్తారని చెప్పి పంపేశాడు. మిగతావాళ్ళు తిట్టుకున్నారు. మేస్త్రి మాత్రం ఆ మాటని భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరు అడిగినా అదే చెప్పేవాడు, స్టీలు రోజులు పోయాయండీ అని. ఒక మనిషిని పనిలోంచి తీసేస్తే అవమానం. పనినే లోకంలోంచి తీసేస్తే అది కాలమహిమ, అందులో మన తప్పేముంది? ఆ ధీమాతోనే గేట్లూ, కిటికీ చువ్వలూ అతుకుతూ పన్నెండేళ్ళు లాగించాడు.

ఇప్పుడు ఆ కాలమహిమ మీద కళ్ళద్దాలాయన ఒక కాలు వేసి నిలబడ్డాడు. స్టీలు ఎక్కడికీ పోలేదు. ఎక్కడో ఎవడో ఇన్నేళ్ళూ హాయిగా అతుకుతూనే ఉన్నాడు. మేస్త్రికి తోడల్లుడి మీద ఎంత మండిందో, ముఖం తెలియని ఆ అతికినవాడి మీద అంతకు రెండింతలు మండింది.

కళ్ళద్దాలాయన వచ్చిన పని చెప్పాడు. వెనక షాకబ్జరులో, ఎక్కేవాడి బరువుని బట్టి గాలి నింపాలట. కంపెనీవాళ్ళు చిన్న పంపు ఇచ్చారు, కాగితమూ ఇచ్చారు, అతనికి రెండూ అర్థం కాలేదు. ఆదివారం లోపల మేస్త్రే సరిచేసి పెట్టాలి. ఇంకో సంగతి. నచ్చకపోతే పదిహేను రోజుల్లో వెనక్కి తీసుకుంటారు.

"నువ్వు బాగుందంటే ఉంచుకుంటాను, లేదంటే పంపేస్తాను. ఇంకెవరి మాటా నాకు అక్కర్లేదు అన్నయ్యా," అన్నాడు.

మేస్త్రి సుద్దముక్క తీసి షాపు గోడ మీద 92 అని రాసుకున్నాడు. చూద్దాంలే అన్నాడు. తోడల్లుడు అటు వెళ్ళాడో లేదో, గేటు పని పక్కన పడేసి, షట్టరు సగం దించి, సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాడు.

తప్పు వెతకడానికే కూర్చున్నాడు, అందులో దాపరికం ఏమీ లేదు. పెళ్ళిచూపుల్లో వంక పెట్టదలుచుకున్న మేనత్తలా ఒక్కొక్క అతుకూ వేలితో తడిమి చూశాడు. వరసగా పేర్చిన చేప పొలుసుల్లా ఉన్నాయి, ఒక్కటి ఎగుడు లేదు, ఒక్కటి దిగుడు లేదు. గొట్టాన్ని గోటితో కొట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా విన్నాడు. చివర్లలో బొంగురు, మధ్యలో ఖంగు. అంటే అతుకు పడే చోట దళసరిగా, నడుమ పలచగా తీసిన మేలిరకం గొట్టం. ఫ్యాక్టరీలో అలాంటివి ఏడాదికి పది వస్తే గొప్ప, వాటిని మేస్త్రికి తప్ప ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. వెనక భాగం మడత పడే కీళ్ళు ఊపి చూశాడు. చప్పుడు లేదు. చివరికి పెడళ్ళ కింద, ఎవరికీ కనబడని చోట, రంగు బొట్టు ఒకటి జారి గట్టిపడి కనిపించింది. బంగారం దొరికినంత సంబరపడ్డాడు. కానీ రంగు వేసేవాడు వేరు, అతికేవాడు వేరు అని తనకే గుర్తొచ్చి ఆ సంబరం కూడా చల్లారిపోయింది.

ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉండేది. ఫ్రేము అతికినవాడే దాని మీద మొదట కూర్చోవాలి. అతుకు ఊడితే ముందు పడేది వాడే కావాలని ఎవరో పెద్దాయన పెట్టిన పద్ధతి. పద్నాలుగేళ్ళ అలవాటు పన్నెండేళ్ళలో పోదు. మేస్త్రి ఆలోచించకుండానే కాలు అటు వేసి కూర్చున్నాడు.

షాకబ్జరు మీద ఒక చిన్న రబ్బరు ఉంగరం ఉంది. మనిషి కూర్చుంటే అది ఎంత దిగిందో ఆ ఉంగరం అక్కడే ఆగి చూపిస్తుంది. నాలుగోవంతు కంటే కాస్త ఎక్కువ దిగితే గాలి సరిపోయినట్టు. గాలి తక్కువైతే షాకబ్జరు చివరంటా దిగి కొట్టుకుంటుంది, ఎక్కువైతే అసలు కదలదు. మేస్త్రి పంపు పెట్టి కొట్టాడు, ఎక్కాడు, దిగాడు, కాస్త గాలి వదిలాడు, మళ్ళీ ఎక్కాడు. ఉంగరం కాగితంలో చెప్పిన చోట ఆగింది. ఇక ఆ సందు చివరిదాకా వెళ్ళి చూద్దామనుకున్నాడు. సందు చివర నుంచి పెద్ద రోడ్డు, పెద్ద రోడ్డు నుంచి క్వారీ దారి. కాళ్ళు తీసుకెళ్ళాయి, మనిషి వెళ్ళాడు.

ఎక్కేటప్పుడు కొంచెం బరువే అనిపించింది. ఆ బరువుకి చాలా సంతోషించాడు, చూశావా, ఇదీ దీని సంగతి అని. పైకి వెళ్ళి తిప్పి దిగడం మొదలుపెట్టాక ఆ సంతోషం మొదటి మలుపు కూడా దాటలేదు. పన్నెండు మలుపుల దారి అది, నిండా కంకర రాళ్ళు. తన సొంత సైకిలు మీద దిగితే రాయి రాయికీ మణికట్లు జివ్వుమని లాగేవి, ఆదివారం సాయంత్రానికి అన్నం ముద్ద కలపడం కూడా కష్టమయ్యేది. ఈ సైకిలు మీద రాళ్ళు చక్రాల కిందనే ఉండిపోయాయి. వెనక చక్రం దేని మీద పడుతోందో తెలుస్తూనే ఉంది గానీ దెబ్బ తగలడం లేదు. స్టీలు కాస్త వంగి, మళ్ళీ తన చోటికి తను వచ్చేస్తోంది. ఏడో మలుపు దగ్గర తను నవ్వుతున్నాడని మేస్త్రికి తెలిసింది. తెలియగానే ఏడుపొచ్చినంత పనైంది. ఇది నాది కావలసింది అనుకున్నాడు. ఎక్కడం నాది కావలసింది, అతకడం కూడా నాదే కావలసింది.

ఇంటికొచ్చి పాత పళ్ళ బ్రష్షుతో టైర్ల గాడుల్లోని మట్టంతా తోమేశాడు. భార్య పైనుంచి దిగివచ్చి, మరిదిగారి సైకిలు ఎలా ఉందని మాత్రమే అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనెందుకు ఎక్కుతాను? నేను ఎక్కలేదు," అన్నాడు. ఆవిడ బ్రష్షు వైపు ఒకసారి చూసి పైకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ గుట్టెక్కారు. కళ్ళద్దాలాయన పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఎక్కినంతసేపూ తన సైకిలు గురించే చెప్పాడు, మేస్త్రి ముందు తొక్కుతూ ఒక్కదానికీ వెనక్కి తిరగలేదు. దిగడం మొదలయ్యాక మాటలు ఆగిపోయాయి. వాటికి బదులు వెనక నుంచి టక్కు, టక్కు అని చప్పుడు. రాయి తగిలినప్పుడల్లా ఇనుము మీద సుత్తి పడ్డట్టు. ఏడో మలుపు దగ్గర, "అన్నయ్యా, ఆగు," అని కేక వినబడింది.

తిరిగి చూస్తే కళ్ళద్దాలాయన దిగి నడుం పట్టుకుని నిలబడ్డాడు. అద్దాలు మొహం మీద లేవు. ఎక్కడో ఎగిరిపోయాయి. లోకానికంతా చూపు అమ్మేవాడు రాళ్ళల్లో వంగి తన చూపు తను తడుముకుంటున్నాడు. మేస్త్రి వెతికి తెచ్చి ఇచ్చాడు.

"నువ్వెప్పుడూ చెబుతుంటావు, స్టీలు రోజులు పోయాయని. నేనే వినలేదు," అన్నాడు అద్దాలు తుడుచుకుంటూ. "రేపే పంపేస్తాను. పంపెయ్యనా? నువ్వొక మాట చెప్పు."

ఆ క్షణంలో మేస్త్రి కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, ఏడాది వానంతా ఒక్కసారి కురిసినట్టు చల్లబడింది. సైకిలు వెళ్ళిపోతుంది. వచ్చే ఆదివారం ఎవరి పాత సైకిలు వాళ్ళదే, ముందు తను, వెనక ఇతను. స్టీలు రోజులు మళ్ళీ ఎప్పటిలాగే పోయి ఉంటాయి. ఊఁ అంటే చాలు. అది కూడా అక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు.

కానీ మేస్త్రి కన్ను అలవాటు కొద్దీ షాకబ్జరు మీదికి పోయింది. రబ్బరు ఉంగరం చివరంటా వెళ్ళి అంచుకి అతుక్కుని ఉంది. గాలి చాలలేదు. ఎందుకు చాలలేదా అనుకుంటుండగానే గోడ మీది సుద్ద అంకె కళ్ళ ముందు కనబడింది. దాని వంక తను మళ్ళీ చూడనే లేదు. ఎక్కింది తను, దిగింది తను, ఉంగరం ఆగింది తన అరవై ఒక్క కిలోలకి. ఇంకొకడి సైకిలుని తీసుకొచ్చి తన ఒంటికి కొలిచి కుట్టుకున్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చెబితే ఆ రోజు చెప్పిన అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే అంత మంచి అతుకులున్న ఫ్రేము, ఎవడో తనలాంటివాడు ఊపిరి బిగబట్టి అతికిన ఫ్రేము, పనికిరానిదన్న పేరు మోసుకుని వెనక్కి పోతుంది. పన్నెండేళ్ళ కిందట అలాగే ఒకణ్ణి పంపించారు. మేస్త్రి దాని సీటు మీద చెయ్యి వేశాడు.

"తప్పు దానిది కాదు తమ్ముడూ. నాది. నా బరువుకి పెట్టాను," అన్నాడు.

కళ్ళద్దాలాయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే నువ్వు ఎక్కావన్నమాట."

"ఎక్కాను."

"షాపు ముందేనా?"

"ఈ గుట్టే. పైనుంచి కింద దాకా దిగాను. మీ వదినకి కూడా ఎక్కలేదని చెప్పాను. నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది. దీన్ని చేసినవాణ్ణి తలుచుకుంటే ఇంకా కుళ్ళుగా ఉంది. నువ్వు పంపేస్తానంటే ఇప్పుడే, ఇక్కడే, సంతోషపడ్డాను కూడా."

కళ్ళద్దాలాయన అద్దాలు పెట్టుకుని మేస్త్రిని పరీక్షగా చూశాడు, షాపుకి వచ్చినవాళ్ళని చూసినట్టే. కోపం రాలేదు. "సరే అన్నయ్యా, నీ బరువుకి ఎలా ఉంది మరి?" అని అడిగాడు.

"ఉంచుకో," అన్నాడు మేస్త్రి. "నేనైతే చచ్చినా వదలను."

పంపు కళ్ళద్దాలాయన సంచిలోనే ఉంది. మేస్త్రి రాళ్ళ మీద మోకాళ్ళు ఆనించి కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టిన కొద్దీ పంపు బిగుస్తోంది. మధ్యలో రెండుసార్లు తోడల్లుణ్ణి ఎక్కించి ఉంగరం చూశాడు, చాలలేదు, మళ్ళీ కొట్టాడు. మూడోసారి ఉంగరం ఆగవలసిన చోట ఆగింది. అతను దిగాక, ఎందుకో ఒకసారి తన బరువంతా సీటు మీద మోపి నొక్కి చూశాడు. మొన్న మెత్తగా దిగిన సైకిలు ఇప్పుడు తనకి దాదాపు కదలనే లేదు. పంపు మూత బిగించి తిరిగి ఇచ్చేశాడు.

మిగిలినవి అయిదు మలుపులు. ఎప్పటిలాగే మేస్త్రి ముందు బయల్దేరాడు. మణికట్లు జివ్వుమంటున్నాయి, పాత ఫ్రేము గడగడలాడుతోంది. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. పదో మలుపు దగ్గర ఒక గాలి విసురు పక్కగా తగిలింది, తొంభై రెండు కిలోలు చడీచప్పుడూ లేకుండా అతన్ని దాటిపోయాయి. రెండేళ్ళలో మొదటిసారి మేస్త్రికి కళ్ళద్దాలాయన వీపు కనబడింది. కడుపు భగ్గున మండింది. అంత మంటలోనూ కన్ను వెనక చక్రం మీదే ఉంది, అది ఎంత దిగాలో అంతే దిగి లేస్తోంది, గాలి సరిగ్గా సరిపోయింది.