ముడత పడని దుప్పటి

ఆ రోజుల్లో మొదటి జీతం అందగానే ఎవరైనా ఇంట్లోవాళ్లకు ఏదో ఒకటి కొనేవారు. నేను మాత్రం నాకే ఒక ఎర్ర దుప్పటి కొనుక్కున్నాను. (ఇంత స్వార్థానికి శిక్ష పడకుండా ఉంటుందా!) వనపర్తి బజారులో దుకాణాయన దాన్ని పిడికిట్లో నలిపి వదిలి, "సూడు, ఒక్క ముడత పడ్డదా?" అన్నాడు. ఆ కొత్త వాసనకే పడిపోయాను. అక్క పెళ్లికి మూడు రోజుల ముందు గట్టు అనే మా ఊళ్లోని ఇంటికి తెచ్చి, ఉతకకుండానే పరుచుకుని, చొక్కా విప్పి దర్జాగా పడుకున్నాను.

తెల్లారేసరికి వీపంతా ఎర్రటి పొక్కులు, ఒకటే దురద. మా ముసలవ్వ చూసి, అమ్మవారు సోకిందనుకుని లెంపలు వేసుకుంది. "తల్లి పోసిందిరా! పందిట్ల అడుగు పెట్టకు." అక్క పక్కన నిలబడాల్సినవాణ్ని వెనక గదిలో వేపాకుల మధ్య పడేశారు. "జర దవాఖానకు పోయొస్తనే" అంటే, "తల్లికి సూదులేందిరా, కోపమొస్తది!" అని కసిరింది. పైగా తల్లికి నీళ్లు ముట్టని కొత్త బట్టే పరవాలట. ఇంట్లో అలాంటిది ఇంకేముంది? ఆ దుప్పటే! పొక్కులు పెరిగేకొద్దీ, "తల్లి మస్తు కోపంగ ఉన్నది" అంటూ అవ్వ ఇంకో మండ వేపాకు తెచ్చేది.

పెళ్లి రోజు మేళం వినబడుతుంటే నాకు ఏడుపొచ్చింది. "నువ్వన్న పోయి సూడవే" అన్నాను. "నిన్నిడిసి యాడికి పోతరా" అని, గుప్పెడు అక్షింతలు నా చేతిలో పోసి, తానూ కొన్ని తీసుకుంది. ఇద్దరం గుమ్మం వైపు విసిరాం.

మర్నాడు నాకు వేపనీళ్లు పోసి, దుప్పటి తడిపి పిండిన అవ్వ చేతులు ఎర్రబడి దురదపెట్టాయి. "నాకు చిన్నప్పుడే పోసింది గదా, మల్లెట్ల వస్తది?" అని అనుమానపడి, తనే నన్ను దవాఖానకు లాక్కెళ్లింది. డాక్టరు దుప్పటి సంగతి విని నవ్వాడు. "ముడత పడకుండ పూసిన మందు, ఆ రంగు మీ ఒంటికి పడలే. కొత్త బట్ట ఏదైనా ఉతికినంకనే వాడాలె."

బస్సులో అవ్వ మళ్లీ లెంపలు వేసుకుంది. "ఊకెనే తల్లిని బద్నాం చేస్తిమి గదరా!" అంది.

అక్క పెళ్లి ఆల్బంలో మేమిద్దరం లేం. అది తెరిచినప్పుడల్లా అక్క నన్ను తిడుతుంది. అవ్వ పోయి ఏడేళ్లయింది. ఇప్పుడు ఏ కొత్త దుప్పటి కొన్నా రెండుసార్లు ఉతికిగానీ పరుచుకోను. ఒంటి మీద ఒక్క పొక్కు రాదు. అయినా ఒక్కోసారి, ఎంత దురద పెట్టినా సరే, అవ్వ వేపమండతో విసురుతుంటే ఆ వెనక గదిలో ఇంకో పూట పడుకోవాలని ఉంటుంది.