నర్సయ్య సాంచెల చప్పుడు

పన్నెండేళ్లుగా ఎవరైనా ఆ బాణీని మెచ్చుకుంటే తల దించుకుంటున్నాను. వినయం అనుకుంటారు. అది భయమని నాకొక్కడికే తెలుసు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఆ బాణీ నాది కాదు.

మాది కోరుట్ల. జగిత్యాల డిగ్రీ కాలేజీలో సిరిసిల్ల నుంచి వచ్చిన రాజేశం నా పక్కన కూర్చునేవాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, ఓ జపాన్ సంగీత దర్శకుడు వీడియో గేములకు కట్టిన బాణీలు. మూడు స్వరాలకు మించి ఒకేసారి పలకలేని పాత గేము యంత్రాలతో మొదలుపెట్టి, పెద్ద వాద్యబృందాల దాకా ఎదిగిన మనిషి. నెట్ సెంటర్‌లో ఇయర్‌ఫోన్లు చెరో చెవిలో పెట్టుకుని ఆయన్ను వినేవాళ్లం.

కొన్నాళ్లకు ఆయన సొంత స్టూడియో పెట్టి, ఒక్క సహాయకుడిని తీసుకుంటానని, బాణీ పంపమని ప్రకటించాడు. రాజేశం కట్టాడు. వాళ్ల నాన్న నర్సయ్య నాలుగు సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. పోగు తెగి ఏ సాంచె ఆగినా, అటు వీపు పెట్టి నిలబడినా సరే, అంత హోరులోనూ ఆయన చెవికి తెలిసిపోయేది. రాజేశం బాణీలో నాలుగు దరువులు నడుస్తుంటాయి. ఉన్నట్టుండి ఒకటి ఆగిపోతుంది. అంతే, గుండె ఝల్లుమంటుంది. గేములో శత్రువు వచ్చాడని డప్పులు మోగించడం అందరికీ వచ్చు. ఒక చప్పుడు ఆపి భయపెట్టడం నాకు ఈ జన్మలో తట్టేది కాదు.

మరి నేను చేసిందేమిటి? నా కంప్యూటర్‌లో దాన్ని శుభ్రం చేసి పంపాను. రాజేశం ఇద్దరి పేర్లూ రాయమన్నాడు. రాశాను. పంపే ముందు అతని పేరు తీసేశాను. ఎందుకు? ఉన్నది ఒక్క చోటు, ఇద్దరిలో గొప్పవాడెవడో నాకు బాగా తెలుసు. ఆ చోటు నాకే దక్కింది, కోరుట్లలో మా ఇంటి నుంచే పని. జవాబు రాలేదని మాత్రం అతనికి చెప్పాను. ఆరు నెలలు ఎదురుచూసి రాజేశం కీబోర్డును గొల్లపల్లి పెళ్లి బ్యాండు వాళ్లకిచ్చేసి, తండ్రితో పాటు సాంచెల మీదికి పోయాడు. ఆ బాణీ పెట్టిన గేము జపాన్‌లోనే విడుదలైంది కనుక అతని చెవిన పడలేదు. పడిందేమోనని అతని దగ్గర్నుంచి ఫోనొచ్చినప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మొదటి వీడియో కాల్‌లోనే ఆ జపాన్ పెద్దాయన, చప్పుడు ఆపాలని ఎలా తోచిందని అడిగాడు. మా నాన్న సాంచెలు నడిపేవాడని చెప్పేశాను. మా నాన్నది పసుపు వ్యాపారం.

పోయిన నెల ఆయన మెయిల్ పంపాడు. తన జీవితకథ రాస్తున్నాడట. అందులో నా గురించి ఒక అధ్యాయం ఉందట. మీ నాన్నగారి పేరు రాయండి, ఫొటో పంపండి అన్నాడు. వారం రోజులు అన్నం సయించలేదు. నోటితో ఆడిన అబద్ధాన్ని ఇన్నాళ్లూ ఎలాగో మోశాను, కానీ నర్సయ్య ఉండాల్సిన చోట మా నాన్న ఫొటో అచ్చు వేయించగలనా? వేయించగలనేమోనన్న అనుమానమే నన్ను సిరిసిల్ల బస్సు ఎక్కించింది.

రాజేశం కార్ఖానా బయటే చాయ్ తెప్పించాడు. బాణీని, చోటును ఎలా కాజేశానో అంతా చెప్పాను. ఫోన్‌లో బాణీ పెట్టాను. సాంచెల హోరుకు అతనికి ఇప్పుడు ఒక చెవి సరిగా వినబడదట, రెండో చెవికి ఫోను ఆనించుకున్నాడు. అయిపోయేదాకా కదల్లేదు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనిపించింది.

“గాయినకు మా బాపు పేరు చెప్పినవా?”

“లేదు. మా బాపే సాంచెలు నడిపిండని చెప్పిన.”

“బాపు పోయి మూడేండ్లాయె. బతికున్నప్పుడన్న ఒక్కపారి ఇనిపియ్యకపోతివి. మస్తు సంబురపడుతుండె.”

గ్లాసు కింద పెట్టి లోపలికి పోయాడు. చాలాసేపు నిలబడ్డాను. అతను మళ్లీ రాలేదు.

బస్టాండ్‌లో కూర్చుని జపాన్‌కు రాశాను. బాణీ కట్టింది రాజేశం, సాంచెలు నడిపింది అతని తండ్రి నర్సయ్య, నేను దొంగను.

ఒక్కటి మాత్రం అందులో రాయలేదు. రాజేశానికీ చెప్పలేదు. మూడేళ్ల కింద నర్సయ్య పోయాడని వాళ్లింటి నుంచి నాకు ఆ రోజే ఫోనొచ్చింది. ఊళ్లో లేనని అబద్ధమాడాను. కోరుట్లలోనే, మా ఇంట్లోనే ఉన్నాను. జపాన్‌లో నా తండ్రిగా చెప్పుకున్న మనిషి చావుకు, రాజేశం మొహం చూడాల్సి వస్తుందని, నేను పోలేదు.